పాత పట్టాలపై కొత్త ఇంజను: గ్రాఫిక్స్ కార్డు చరిత్ర

ఖమ్మము జిల్లాలో భద్రాచలపు అడవుల అంచున కారేపల్లి అను ఊరు కలదు. సింగరేణి మండలమునకు అదియే ముఖ్యస్థానము. డోర్నకల్లు నుండి వచ్చు రైలుమార్గము ఇచ్చట రెండుగా చీలును. ఒకటి ఇల్లందు వైపునకు, రెండవది కొత్తగూడెము వైపునకు పోవును. ఇల్లందు ప్రాంతమున బొగ్గు కలదని 1871లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ కనుగొనెను. ఆ బొగ్గును మోయుటకే 1880వ దశకము చివర ఈ మార్గము పుట్టినది. కొత్తగూడెము పాయ 1927లో ఏర్పడినది. నాడు ఈ పట్టాలపై నడచినవి ఆవిరి యింజనులు. తరువాత డీసెలు ఇంజనులు, ఆపైన విద్యుత్తుతో నడచు ఇంజనులు వచ్చినవి. ఇంజను ఇన్నిసార్లు మారినను రెండు పట్టాల నడుమ దూరము మాత్రము మారలేదు. అది 1,676 మిల్లీమీటర్లు. ఆ ఒక్క కొలతకు అందరును కట్టుబడి యుండుటచేతనే కొత్త ఇంజను పాత మార్గముపై నడువగలుగుచున్నది.

అయితే కొలత సరిపోయినంత మాత్రమున చాలదు. బరువైన ఇంజను వచ్చినపుడు పట్టాలును వంతెనలును ఆ బరువును మోయగలవా యని కూడ చూడవలెను. ఈ రెండు విషయములను జ్ఞప్తియం దుంచుకొన్నచో, నేటి విద్యార్థులు తరచుగ అడుగు ఒక ప్రశ్నకు సమాధానము సులభముగ తెలియును. ఇంటిలో పదేండ్లనాటి కంప్యూటరు ఉన్నది. కొత్తగా వచ్చిన ఆటలు దానిపై నడువవు. నడచినను బొమ్మలు ఆగి ఆగి కదలును. కంప్యూటరు నంతయు మార్చవలెనా? లేక గ్రాఫిక్స్ కార్డును మాత్రము మార్చిన చాలునా? మధ్యతరగతి కుటుంబమునకు ఇది కొన్ని వేల రూపాయల ప్రశ్న. యంత్రమంతయు అట్లే యుండగా దానిలోని ఒక్క భాగమును మార్చుట అసలు ఎట్లు సాధ్యమైనదో తెలిసికొనవలెనన్న, ఆ భాగము చరిత్రను చూడవలెను.

కార్డు చేయు పని

కంప్యూటరు తెర చిన్న చిన్న చుక్కల సముదాయము. వీనిని పిక్సెళ్లు అందురు. నేడు సామాన్యముగ వాడు తెరలో అడ్డముగ 1,920, నిలువుగ 1,080 చుక్కలుండును. అనగా మొత్తము 20,73,600. కదలిక సాఫీగ కన్పట్టుటకు బొమ్మను సెకనుకు 60 సార్లు కొత్తగ గీయవలెను. కనుక ఒక్క సెకనులో రమారమి 12 కోట్ల 44 లక్షల చుక్కలకు రంగు నిర్ణయించవలెను. ఒక్కొక్క చుక్క రంగును నిశ్చయించుటకు అనేకమైన కూడికలు, గుణకారములు అవసరమగును.

కంప్యూటరులోని ముఖ్య ప్రాసెసరు చాల నేర్పుగల పనివాడు. ఎంత చిక్కు లెక్కనైనను చేయగలడు. కాని అట్టి పనివారు దానిలో కొలదిమందియే యుందురు. వరినాట్ల కాలములో ఎంత నేర్పరియైన రైతైనను ఒంటరిగ ఎకరము నాటుటకు ఎన్నో దినములు పట్టును. నలుబదిమంది కూలీలు వరుసగా వంగి ఒకే పనిని ఒకేసారి చేసినచో పూటలో తేలిపోవును. గ్రాఫిక్స్ కార్డు అట్టి కూలీల వరుస. అందలి చిన్న చిన్న లెక్క యంత్రములు నేడు వేల సంఖ్యలో నుండి, ఒకే విధమైన లెక్కను వేర్వేరు చుక్కలకు ఏకకాలమున చేయును.

స్లాటు పుట్టుక

1981లో ఐబీఎం సంస్థ తన వ్యక్తిగత కంప్యూటరును విడుదల చేసినది. తెరకు బొమ్మను పంపు భాగమును మదర్‌బోర్డుపై శాశ్వతముగ అతికింపక, విడిగా ఒక కార్డుగ చేసి, బోర్డుపైనున్న పొడవైన గాడిలో గ్రుచ్చునట్లు ఏర్పాటు చేసిరి. ఈ గాడియే స్లాటు. అంతకంటె ముఖ్యమైనది మరొకటి కలదు: ఏ తీగెలో ఏ సంకేతము వచ్చునో ఆ వివరములను ఐబీఎం పుస్తకరూపమున ప్రకటించినది. దానిచే ఇతరులు కూడ ఆ స్లాటుకు సరిపోవు కార్డులను చేయగలిగిరి.

నాటి కార్డులు రెండు విధములు. ఒకటి అక్షరములను మాత్రమే చూపునది. రెండవది రంగుల కార్డు. రంగుల కార్డులో 320కి 200 చుక్కలు, నాలుగు రంగులు. ఒక్కొక్క చుక్కకు రెండు బిట్లు చొప్పున 64,000 చుక్కలకు 1,28,000 బిట్లు, అనగా 16,000 బైట్లు. ఆ కార్డు జ్ఞాపకశక్తి 16 కిలోబైట్లు, అనగా 16,384 బైట్లే. విద్యార్థులు ఈ లెక్కను వేసి చూచినచో, ఆ కార్డు నాలుగు రంగులతో ఎందు కాగిపోయినదో వారికే తెలియును.

1982లో హెర్క్యులిస్ అను కార్డు వచ్చినది. దానిని రూపొందించిన వాన్ సువన్నుకుల్ థాయిలాండు దేశస్థుడు. తన పరిశోధన వ్యాసమును థాయి లిపిలో వ్రాసికొన గోరెను. కాని ఐబీఎం రంగుల కార్డులోని మోటు చుక్కలకు ఆ లిపి ఇమిడినది కాదు. అందుచే అడ్డముగ 720, నిలువుగ 348 చుక్కలను చూపు కార్డును స్వయముగ తయారుచేసెను.

తెలుగు లిపికిని ఇదే ఇబ్బంది కలిగినది. తలకట్టు, గుడి పైన, కొమ్ము ప్రక్కన, వత్తు క్రింద, నడుమ అక్షరము. ఇవన్నియు ఆంగ్లాక్షరమునకై ఏర్పరచిన ఎనిమిది చుక్కల గడిలో పట్టవు. ఈ సమస్యకు మన దేశమున లభించిన పరిష్కారము కూడ స్లాటు ద్వారానే వచ్చినది. కాన్పూరు ఐ.ఐ.టి.లో 1980వ దశకమున ప్రారంభమైన పరిశోధన, పూనాలో 1988లో ఏర్పడిన సీ-డాక్ సంస్థలో జిస్ట్ కార్డుగ రూపొందినది. మోహన్ తాంబే ఇందుకు ముఖ్య కారకుడు. కంప్యూటరు మూత విప్పి ఖాళీ స్లాటులో ఈ కార్డును గ్రుచ్చినచో, ఆంగ్లమునకు మాత్రమే పరిమితమైన పాత ప్రోగ్రాములలో తెలుగును, ఇతర భారతీయ లిపులును కన్పట్టెడివి. యంత్రమును మార్చలేదు, ప్రోగ్రామును తిరిగి వ్రాయలేదు, ఒక కార్డును చేర్చిరి, అంతే. తెలుగువారికి కార్డు మార్పిడి ఆటలతో ఆరంభమైన విద్య కాదని దీనివలన తెలియుచున్నది.

దారి వెడల్పు

స్లాటు ఒక బాట వంటిది. 1981 నాటి స్లాటు ఒకేసారి 8 బిట్లను మాత్రమే మోసెడిది. 1984లో దానిని 16 బిట్లకు పెంచిరి. పెంచినపుడు పాత గాడిని తీసివేయక, దాని చివర మరొక చిన్న గాడిని చేర్చిరి. అందుచే అనేకమైన పాత కార్డులు కొత్త యంత్రములోను పనిచేసినవి. 1987లో వీజీఏ పద్ధతి వచ్చి, 640కి 480 చుక్కలలో 16 రంగులను, 320కి 200 చుక్కలలో 256 రంగులను చూపినది. రంగులు పెరిగినకొలది బాట ఇరుకైనది. 1992లో పీసీఐ అను కొత్త స్లాటు వచ్చినది. అది సెకనుకు 133 మెగాబైట్ల వరకు మోయగలదు. 1997లో గ్రాఫిక్స్ కార్డు కొరకే ప్రత్యేకముగ ఏజీపీ వచ్చినది. దాని తొలి వేగము 266 మెగాబైట్లు.

1996లో త్రీడీఎఫ్ఎక్స్ సంస్థవారి వూడూ కార్డు విడుదలయ్యెను. అది పాత కార్డును తొలగించునది కాదు. దాని ప్రక్కనే కూర్చుండునది. మామూలు పనులలో పాత కార్డు సంకేతమును తెరకు పోనిచ్చి, లోతుగల బొమ్మలతో ఆట మొదలైనపుడు మాత్రము పని తనపై వేసికొనెడిది. ఆటలకొరకు కంప్యూటరు మూత విప్పుట దీనితో ప్రపంచమంతట వ్యాపించినది. 1993లో స్థాపించిన ఎన్విడియా సంస్థ 1999లో జీఫోర్స్ 256 కార్డును తెచ్చి, దానికి జీపీయూ అను పేరును ప్రచారమొనర్చినది. అంతవరకు ముఖ్య ప్రాసెసరు చేయుచుండిన కోణముల లెక్కలు, వెలుతురు లెక్కలు ఆ చిప్పు తానే చేయజొచ్చినది.

ఏజీపీ స్లాటులో ఒక చిక్కు కలిగినది. తొలి కార్డులు 3.3 వోల్టులతోను, తరువాతివి 1.5 వోల్టులతోను పనిచేసెడివి. అన్ని కార్డులు అన్ని బోర్డులకు పొసగవు. పట్టాల కొలత ఊరూరికి మారినట్లయినది. ఈ చిక్కులు తొలగించి, 2003లో ప్రకటించి 2004 నుండి కార్డులలో వాడుకకు వచ్చినదే పీసీఐ ఎక్స్‌ప్రెస్. పదునారు వరుసలుగల ఈ స్లాటు తొలి తరములో ఒక్కొక్క దిశకు సెకనుకు 4 గిగాబైట్లు మోసెడిది. రెండవ తరమున 8, మూడవ తరమున రమారమి 16, నాలుగవ తరమున రమారమి 32 అయినది. గాడి ఆకారము మాత్రము మారలేదు. కొత్త తరము కార్డును పాత తరము బోర్డులో గ్రుచ్చినచో, రెండును కలిసి, ఇద్దరికిని తెలిసిన వేగములో పనిచేయును. పదేండ్లనాటి కంప్యూటరులో నేటి కార్డును ఉంచగలుగుటకు మూలమీ ఒడంబడికయే.

గోదావరి ఒడ్డువాడు

భద్రాచలము ప్రక్కగా పారిన గోదావరి పాపికొండలు దాటి కొవ్వూరు చేరును. ఆ కొవ్వూరులో పుట్టిన రాజా కోడూరి ఈ చరిత్రలో పలుచోట్ల కనిపించును. ఆంధ్ర విశ్వవిద్యాలయమున ఇంజనీరింగు, ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి.లో ఎం.టెక్. చదివి, 1996లో అమెరికాలోని ఎస్3 సంస్థలో చేరెను. 2001లో ఏటీఐ సంస్థకు వెళ్లెను. మరుసటి యేడు ఏటీఐ విడుదల చేసిన రేడియాన్ 9700 కార్డుకు స్లాటు ఇచ్చు విద్యుత్తు చాలక, పవర్ సప్లై నుండి వేరొక తీగెను తగిలింపవలసి వచ్చినది. ఇంజను బరువు పట్టాలను మించ నారంభించిన కాలమది. 2006లో ఏటీఐని ఏఎండీ సంస్థ కొనివేసెను. కోడూరి 2009లో ఆపిల్‌లో చేరి, 2013లో ఏఎండీకి మరలి వచ్చి, 2015లో దాని గ్రాఫిక్స్ విభాగమునకు అధిపతి అయ్యెను. 2017లో ఇంటెల్‌కు వెళ్లెను. హైదరాబాదునందలి ఇనెడా సిస్టమ్స్‌కు చెందిన ఇంజనీర్లను కూడ 2019లో ఇంటెల్ తన గ్రాఫిక్స్ పనికై చేర్చుకొనెను. 2022 అక్టోబరులో ఇంటెల్ వారి ఆర్క్ ఏ770 కార్డు వచ్చినది. 2023లో కోడూరి ఇంటెల్‌ను వీడెను.

ఆర్క్ కార్డు పాత కంప్యూటరు గలవారికి ఒక పాఠము నేర్పినది. ముఖ్య ప్రాసెసరు కార్డు జ్ఞాపకశక్తిని చిన్న కిటికీ గుండ కాక పూర్తిగ ఒకేసారి చూడగల సదుపాయమొకటి కలదు. దానిని రీసైజబుల్ బార్ అందురు. అది లేని బోర్డులో ఆర్క్ కార్డు శక్తి గణనీయముగ తగ్గిపోవును. 2020కి పూర్వపు బోర్డులలో చాలవానికి ఆ సదుపాయము లేదు. గాడిలో కార్డు కూర్చున్నది, బొమ్మయు వచ్చినది. ఐనను పెట్టిన సొమ్ముకు తగిన ఫలము రాలేదు. 2022 జనవరిలో ఏఎండీ విడుదల చేసిన ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీ కూడ ఇట్టిదే. పదునారు వరుసల గాడిలో కూర్చున్నను అది నాలుగు వరుసలను మాత్రమే వాడుకొనును. నాలుగవ తరము బోర్డులో దానికి 8 గిగాబైట్ల బాట దొరకును. మూడవ తరము బోర్డులో 4 మాత్రమే. పాత కంప్యూటరు గలవాడు చవకయని కొను కార్డు పాత కంప్యూటరులోనే ఎక్కువగ నష్టపోవుట ఇందలి విచిత్రము.

కొనుటకు ముందు లెక్క

మొదట చూడవలసినది విద్యుత్తు. స్లాటు ఇచ్చునది 75 వాట్లు మాత్రమే. ఆరు సూదుల తీగె మరొక 75 వాట్లను, ఎనిమిది సూదుల తీగె 150 వాట్లను ఇచ్చును. ఉదాహరణకు, ఒక పాత కంప్యూటరులో ప్రాసెసరుకు 84 వాట్లు, డిస్కులు, పంకాలు మొదలగువానికి 50 వాట్లు అవసరమనుకొందము. 2016లో వచ్చిన జీటీఎక్స్ 1050 టీఐ 75 వాట్ల కార్డు. దానికి సాధారణముగ వేరు తీగె అక్కరలేదు. మొత్తము 209 వాట్లు. మంచి 300 వాట్ల పవర్ సప్లై దీనిని మోయును. దాని స్థానమున 170 వాట్ల ఆర్‌టీఎక్స్ 3060 ఉంచినచో మొత్తము 304. అంచు దాటిపోయినది. ఆ కార్డుకు తయారీదారు సిఫారసు చేసినది 550 వాట్ల సప్లై. ఇట్టి చోట కార్డుతోపాటు పవర్ సప్లై వెలను కూడ లెక్కలోనికి తీసికొనవలెను.

రెండవది ప్రాసెసరు. ఒక ఆటలో ప్రాసెసరు సెకనుకు 45 బొమ్మలకు మాత్రమే సన్నాహము చేయగలదనుకొందము. కార్డు 90 గీయగలిగినను తెరపై కన్పట్టునవి 45 మాత్రమే. నారు అందించువాడు ఒక్కడైనచో నాటువారు నూరుమంది ఉన్నను ప్రయోజనము లేదు. అయితే ప్రాసెసరు 90 అందించుచు కార్డు 30 మాత్రమే గీయుచున్నచో, కార్డు మార్పు గొప్ప ఫలమిచ్చును. కావున ముందు ఎవరు ఆలస్యము చేయుచున్నారో తెలిసికొనవలెను. ఆట నడచుచుండగా రెండిటి వినియోగమును శాతములలో చూపు సదుపాయము కంప్యూటరులోనే కలదు. కార్డు నూటికి నూరుపాళ్లు పనిచేయుచు, ప్రాసెసరుకు విరామముండినచో మార్పు సమంజసము.

మూడవది ఇముడుట. పెట్టెలో కార్డు పొడవునకు చోటుండవలెను. పాత తెరకు వీజీఏ తీగె మాత్రమే ఉన్నచో మార్పిడి సాధనము కావలెను, ఏలయన 2016 తరువాతి కార్డులలో ఆ పాత సంకేతము సామాన్యముగ ఉండదు. బోర్డుపైనున్న బయాస్ మరీ పాతదైనచో కొత్త కార్డును గుర్తింపకపోవుటయు కలదు. కార్డును నడిపించు డ్రైవరు ప్రోగ్రాములకును ఆయుర్దాయమున్నది. విండోస్ 10కి మైక్రోసాఫ్టు ఇచ్చు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది.

వాడిన కార్డు కొనువారికి ఇంకొక మాట. 2020 నుండి 2022 వరకు డిజిటలు నాణెములను సంపాదించు లెక్కలకై గ్రాఫిక్స్ కార్డులను లెక్కలేనన్ని కొని రాత్రింబవళ్లు నడపిరి. ధరలు మింటికెక్కినవి. 2022 సెప్టెంబరులో ఇథీరియం తన పద్ధతిని మార్చుటతో అవి అంగళ్లకు వచ్చి పడినవి. సికిందరాబాదు పార్కులేనులోని చెనాయ్ ట్రేడ్ సెంటరు వంటి బజారులలో కొన్నను, వేరెక్కడ కొన్నను, కార్డును నడిపించి, పంకా తిరుగుటను, వేడిని, తెరను అరగంట గమనించి కొనుట మేలు.

కరెంటు బిల్లును మరువరాదు. పాత కార్డుకంటె 200 వాట్లు ఎక్కువ తీసికొను కార్డును దినమునకు మూడు గంటలు నడపినచో 0.6 యూనిట్లు అదనముగ ఖర్చగును. మన దేశమున ఒక యూనిట్ విద్యుత్తునకు థర్మల్ కేంద్రములు రమారమి 600 నుండి 700 గ్రాముల బొగ్గును మండించును. అనగా ఆ ఆట మూల్యము దినమునకు నాలుగు వందల గ్రాముల బొగ్గు. కారేపల్లి మీదుగా బొగ్గు బండ్లు పోవుటను చూచిన విద్యార్థికి ఈ లెక్క మరింత స్పష్టముగ తోచును.

విడదీయరాని యంత్రములు

పాత కార్డు పనికిరానిదని తలచుట పొరపాటు. 2012లో బొమ్మలను గుర్తించు పోటీలో కృత్రిమ మేధకు దారిచూపిన అలెక్స్‌నెట్ శిక్షణ పొందినది రెండు జీటీఎక్స్ 580 కార్డులపైననే. అవి 2010లో ఆటలకై అమ్మిన కార్డులు, ఒక్కొక్కదానికి 3 గిగాబైట్ల జ్ఞాపకశక్తి మాత్రమే కలదు. ఆటల యంత్రము నుండి తీసిన కార్డు పాఠశాల ప్రయోగశాలలో బొమ్మలు గీయుటకు, లెక్కలు నేర్పుటకు ఇంకను కొన్నేండ్లు ఉపకరించును. పూర్తిగ చెడినదానిని చెత్తలో పారవేయరాదు. 2023 ఏప్రిలు 1 నుండి అమలులోనున్న ఈ-వ్యర్థముల నియమముల ప్రకారము గుర్తింపుపొందిన సంస్థలకు అప్పగింపవలెను.

కాని ఈ మార్పిడి ఎల్లకాలము సాధ్యమగునని అనుకొనుటకు వీలులేదు. నేటి ల్యాప్‌టాపులలో చాలవానికి గ్రాఫిక్స్ చిప్పు బోర్డుకే అతికియుండును, లేదా ప్రాసెసరులోనే కలిసియుండును. దానివలన యంత్రము పలుచనగును. విద్యుత్తును పొదుపు చేయును. కాని బొమ్మ గీయు శక్తి చాలనినాడు యంత్రము నంతయు పారవేయవలసినదే. విడిగా మార్చుకొనగలుగుట ప్రకృతి నియమము కాదు. అది 1981లో కొందరు ఇంజనీర్లు చేసిన నిర్ణయము. 2003లో పలు సంస్థలు కలిసి నిలబెట్టిన ఒడంబడిక. కొనువారు కోరినంత కాలము అది నిలుచును, కోరనినాడు పోవును.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలో సులభముగ చూపవచ్చును. మూలపడిన కంప్యూటరు నొకదానిని తెచ్చి, ప్లగ్గును పూర్తిగ తీసివేసి, మూత విప్పవలెను. ముందుగ పెట్టె లోహమును తాకి, ఒంటిలోని స్థిరవిద్యుత్తును పోగొట్టుకొనవలెను. పవర్ సప్లై డబ్బాను మాత్రము ఎన్నటికిని విప్పరాదు. ప్లగ్గు తీసిన తరువాత కూడ అందలి కెపాసిటర్లలో ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచియుండును. కార్డు స్క్రూ తీసి, స్లాటు చివరనున్న చిన్న కొక్కెమును నొక్కి, కార్డును నిటారుగ పైకెత్తినచో ఊడివచ్చును. విద్యార్థులు స్లాటు పొడవును కొలిచి, పవర్ సప్లైపైనున్న వాట్ల సంఖ్యను చదివి, ఆ యంత్రమునకు ఏ కార్డు తగునో తామే లెక్క కట్టవచ్చును. కొలత సరిపోయినదా, బరువు మోయగలదా అను రెండు ప్రశ్నలే అచ్చటను అడుగవలసినవి. కారేపల్లి జంక్షనులో కొత్త ఇంజను వచ్చిన ప్రతిసారి రైల్వే ఇంజనీర్లు వేసికొనవలసి వచ్చిన ప్రశ్నలును అవియే.